నాలుగో మందు

ఆత్మకూరు హైస్కూల్లో సైన్సు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. దయ్యాలున్నాయని ఏ పిల్లవాడైనా అంటే నిలబెట్టి ప్రశ్నలడిగే రకాన్ని. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

మూత్రంలో రక్తం పడితే కర్నూలులో చూపించుకున్నాను. మూత్రాశయంలో గడ్డ. క్యాన్సరే, కానీ పైపొరలోనే ఉందన్నారు. కోత లేకుండా మూత్రమార్గం గుండానే పరికరం పంపి తీసేశారు. "ఇది మళ్లీ మొలిచే రకం. వారానికొకసారి, ఆరు వారాలు లోపలికి మందు పంపాలి" అన్నారు డాక్టరు.

ప్రతి గురువారం నేనూ మా ఆవిడ సుబ్బమ్మా బస్సులో వెళ్లేవాళ్లం. సన్నటి గొట్టంతో మందు మూత్రాశయంలోకి వదిలి, గొట్టం తీసేస్తారు. గంటసేపు మూత్రం ఆపుకోవాలి. మందు అన్ని వైపులా తగలాలని పావుగంటకోసారి పక్క మారాలి.

మూడో వారానికి మంట భరించలేనంతైంది. మంచం మీద పళ్లు బిగించి పడుకుని, ఇక రాకూడదని నిర్ణయించుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అప్పుడే మంచం పక్కన వేలాడే పచ్చతెర అవతలి నుంచి ఒక మగగొంతు వినిపించింది.

"ఎడమకు తిరుగప్పా. పావుగంటాయె."

గడియారం చూశాను. నిజమే. తిరిగాను.

"మంటగా ఉండాదా?"

"శానా" అన్నాను.

"నాకూ అట్లే ఉండె. మూడుతో నిలిపేసినా. మళ్లా వచ్చె. ఈసారి కండలోకి దిగె. నువ్వు నిలపాకు. వస్తానని చెప్పు."

 మనసులో అనుకున్నది ఆయనకెలా తెలిసింది? మళ్లీ అన్నాడు, "చెప్పప్పా."

"వస్తా" అన్నాను. ఆ తర్వాత మాట లేదు.

గంటయ్యాక నర్సు వచ్చి తెర జరిపింది. అవతల మంచమే లేదు. గోడ, దానికి ఆనించిన రెండు ఆక్సిజన్ సిలిండర్లు. "పొద్దున్నుంచి ఈ గదిలో మీరొక్కరే సార్" అందామె.

మందు ప్రభావమేమోనని డాక్టరును అడిగాను. అది రక్తంలో పెద్దగా కలవదని, జ్వరం కూడా లేదని అన్నారు. సరే, భయంతో నేనే ఊహించుకున్నాననుకున్నాను.

బస్సెక్కాక సుబ్బమ్మ అడిగింది. "లోపల మీతో మాట్లాడిన ఆయప్పది ఏ ఊరంట? వస్తానని చెప్పు అంటాండె గదా."

ఆ గదికి ఒక్కటే తలుపు. ఆమె గంటసేపూ దాని ముందు బెంచీ మీదే కూర్చుంది. ఎవరూ లోపలికి పోలేదు, బయటికి రాలేదు.

నాలుగో గురువారం వెళ్లాను. మంట తగ్గలేదు, భయం తగ్గలేదు. అయినా ఆరూ పూర్తి చేశాను. ఆ గొంతు మళ్లీ వినిపించలేదు. మూడు నెలలకు కెమెరాతో చూసి, లోపల శుభ్రంగా ఉందన్నారు.

మూడు మందులతో ఆపేసిన మనిషి ఎవరైనా ఉండేవాడా అని ఆ నర్సును అడిగితే ఏదో ఒకటి తేలుతుంది. ఆమె చాలా ఏళ్లుగా అక్కడే పనిచేస్తోంది. మొన్న పరీక్షకు వెళ్లినప్పుడు ఎదురుపడి, "ఏమైనా అడగాలా సార్?" అని ఆగింది కూడా.

ఏమీ లేదమ్మా అని వచ్చేశాను.