అమ్మమ్మ గొంతుకి పిన్ని కట్టిన ఆంప్లిఫైయర్

నా చిన్నప్పుడు, కంకిపాడులో ఉండగా, మా అమ్మమ్మకి గొంతు ఆపరేషన్ అయ్యాక మాట గుసగుసలా మిగిలిపోయింది. అంతకుముందు గట్టు మీద నిలబడి కేక వేస్తే చేలో అందరూ అన్నానికి వచ్చేసేవారు. ఇప్పుడు ఎవరైనా "ఏంటమ్మా?" అని రెండోసారి అడిగితే చెయ్యి ఊపి ఊరుకునేది. రానురాను మాట్లాడటమే మానేసింది.

బెజవాడలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్న మా పిన్ని ఎండాకాలం సెలవులకి వస్తూ ట్రాన్సిస్టర్లూ, చిన్న మైకూ, స్పీకరూ తెచ్చింది. అన్నీ కలిపి ఆంప్లిఫైయర్ కట్టి అమ్మమ్మ నోటి దగ్గర మైకు పెట్టింది. మాట పెద్దగానే వచ్చింది, కానీ సగం తెగి, గరగరలాడుతూ వచ్చింది. పక్కింటి పిల్లలు నవ్వారు. అమ్మమ్మ మైకు పక్కకి నెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పిన్ని మైకూ, తీగలూ మూటగట్టి పక్కన పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంతా మళ్ళీ విప్పింది. లోపం అమ్మమ్మ గొంతులో లేదని చెప్పింది. మాట తాలూకు అల పైకీ కిందికీ ఊగుతుందట. మాట లేనప్పుడు కూడా, ఆ అలని పెంచే ట్రాన్సిస్టర్‌కి కాస్త కరెంటు అందుతూ ఉండకపోతే ఆ అలలో ఒక సగం దాటి రాదట. మరీ ఎక్కువిస్తే రెండో వైపు తెగుతుందట. అలా సరిచూసి ఇవ్వడాన్నే బయాసింగ్ అంటారట.

"మాట రాకముందే దీన్ని సిద్ధంగా ఉంచాలే. పైకి లేవడానికీ, కిందికి దిగడానికీ సమంగా చోటుండాలి," అంది.

కరెంటుని అదుపులో పెట్టే రెసిస్టర్లు మారుస్తూ, మీటరు ముల్లు బ్యాటరీ వోల్టేజీలో ఇంచుమించు సగం దగ్గర నిలిచేదాకా ఓపిగ్గా సరిచేసింది.

అమ్మమ్మ ఒక పట్టాన ఒప్పుకోలేదు. పిన్ని ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలింది. చివరికి అమ్మమ్మ మైకు అందుకుని, నా వంక చూసి, "అన్నం తిన్నావా అమ్మడూ?" అంది.

ఆ గొంతులో బొంగురు పోలేదు. కానీ ఒక్క అక్షరమైనా తెగలేదు. వాకిట్లో గేదెకి గడ్డి వేస్తున్న తాతయ్య గడ్డి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ సాయంత్రం దాకా అమ్మమ్మ పనేమీ లేకపోయినా మమ్మల్నందర్నీ పేరుపేరునా పిలుస్తూ కూర్చుంది. పిన్ని మాత్రం గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఆ గొంతుని ఏ టేపులోనూ పట్టి దాచుకోలేదే అని ఈ వయసులో మనసు పీకుతుంది. ఎవరైనా మాట వెతుక్కుంటూ నా ఎదుట కూర్చుంటే, పిన్ని ఆరోజు చెప్పింది గుర్తొచ్చి, టీవీ కట్టేసి, ఫోను బోర్లించి, వాళ్ళ వైపు తిరుగుతాను. వాళ్ళు మొదలుపెట్టేదాకా తొందరపెట్టను.