గుటకెడు నీళ్లు

మొన్న మదనపల్లెలో మా మనవరాలికి పిత్తాశయంలో రాళ్లు తీయించడానికి ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నమే నర్సమ్మ వచ్చి సెలైన్ పెట్టి, ఫ్యాను ఆపి, పిల్లకు రెండు దుప్పట్లు కప్పి, వేడినీళ్ల ఫ్లాస్కు నా చేతికిచ్చింది. పిల్లకున్నది సికిల్ సెల్ జబ్బనీ, రక్తకణాలు కొడవలిలా వంగి రక్తనాళాలకు అడ్డం పడతాయనీ మాకు రెండేళ్ల కిందటే తెలుసు. మేనరికం మీద మేనరికం చేసుకున్న ఇల్లు కదా, చనిపోయిన మా చెల్లెలిదీ ఇదే అయ్యుంటుందని డాక్టరు అప్పుడే అన్నాడు. కానీ నర్సమ్మ చెప్పిన మాట మాత్రం నేను ఆ రోజే విన్నాను.

"ఒళ్లు ఎండిపోకూడదు, సలి తగలకూడదమ్మా. రెండిట్లో ఏది జరిగినా పానానికే ముప్పు. మేం ఆపమనేదాకా నీళ్లు తాగిస్తానే ఉండండి."

ఫ్లాస్కు మూత తీసి గ్లాసులోకి నీళ్లు వంచాను.

మన తరంవాళ్లకు చెప్పేదేముంది, ఒంటి మీద కత్తి పడుతుందంటే ముందు మొక్కు, ఆ తర్వాతే డాక్టరు. పుంగనూరులో ఉన్నప్పుడు మా చెల్లెలు చలికాలం వస్తే చాలు, కీళ్లు పట్టుకుని మూలిగేది. బడి ఎగ్గొట్టే వేషాలని మేం ఆటపట్టించేవాళ్లం. పంతొమ్మిదో ఏట దానికీ ఇవే రాళ్లు తేలాయి. ఆపరేషన్‌కు ముందురోజు పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా, తడిబట్టలతో గంగమ్మ గుడి చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు చేయిస్తానని అమ్మ మొక్కుకుంది. పెద్దదాన్ని కాబట్టి దగ్గరుండి చేయించే పని నాకు పడింది. మార్గశిర మాసపు పొద్దున బావి నీళ్లు తోడి, బిందెలకు బిందెలు దాని నెత్తిన పోశాను. చీర ఆరినప్పుడల్లా మళ్లీ పోశాను. ఏ లోటూ రానివ్వలేదని నాలో నేను మురిసిపోయాను కూడా.

సగం చుట్లయినా కాకముందే అది గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"అక్కా, ఎముకలు పగిలిపోతాండాయి. ఒక్క గుటక నీళ్లియ్యి."

"ఇంగ కొంచేపు ఓర్సుకోమ్మా, ఇప్పుడు తాగితే మొక్కు సెడిపోతాది," అన్నాను.

నాలుగడుగులు వేసి పడిపోతే ఎత్తుకుని ఇంటికి తెచ్చాం. మరునాడు ఆపరేషన్ అయింది. మూడోనాడు ఊపిరాడక మా చెల్లెలు పోయింది. డాక్టరు చేతగానివాడని నాయన, తలరాతని అమ్మ ఏడ్చారు. నేను మాత్రం మిగిలిన చుట్లు పూర్తి చేయించలేదే అని ఇన్నేళ్లూ కుమిలిపోయాను. అయ్యో, నేను ఏడవాల్సింది ఆపినందుకు కాదు, చేయించినందుకు!

మనవరాలి ఆపరేషన్ బాగానే జరిగింది. మెలకువ రాగానే, పదికి ఎంత నొప్పుందని నర్సమ్మ అడిగింది. పిల్ల ఎనిమిదంది. నిజమా, వేషమా అని ఎవరూ అడగలేదు, వెంటనే సూది వేశారు. నొప్పిని నమ్మే రోజులొచ్చాయి. మా చెల్లెలు ఇంకాస్త ఆలస్యంగా పుట్టి ఉండకూడదా అనిపించింది.

నీళ్లివ్వచ్చని చెప్పినప్పటి నుంచి నేను గ్లాసు కింద పెట్టలేదు.

"సాలవ్వా, కడుపు నిండిపోయ," అంది పిల్ల.

"ఇంకొక్క గుటక తాగమ్మా," అని బతిమాలాను. ఆ గుటక ఎవరిదో దానికి తెలియదు.