నింపాదిగారి బటన్

మా నింపాదికి తొందర అనేది పుట్టుకతోనే లేదు. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది గానీ, అక్కడా అది పనికొచ్చింది తక్కువే. మేష్టారు పేరు పిలిస్తే, తర్వాతి ముగ్గురూ పలికాక గానీ ఇతని "ఉన్నాను సార్" వచ్చేది కాదు. చివరికి మేష్టార్లే అలవాటుపడ్డారు. ముందుగా ఇతన్ని పిలిచేసి, మిగతా హాజరంతా పూర్తిచేసి, వెళ్తూ వెళ్తూ జవాబు అందుకునేవారు.

క్యాంటీన్లో టీయా, కాఫీయా అని అడిగితే ఆలోచనలో పడేవాడు. ఆ ఆలోచన తెమిలేలోగా వెనక వరస గుమ్మం దాటేది. విసుగెత్తిన క్యాంటీన్ ఆయన ఒకరోజు రెండూ ఒకే గ్లాసులో పోసి ఇచ్చాడు. మనవాడు నెమ్మదిగా తాగి, బాగుందన్నాడు. ఏమైనా అంటే ఒకటే మాట: "ఇప్పుడేం తొందర?"

నేనేమో కాలుకాలిన పిల్లి రకం. పరీక్షలో సగం సమయానికే పేపరు ఇచ్చేసి బయటపడేదాన్ని. దేవుడు కావాలనే మా ఇద్దర్నీ ఒకే జట్టులో వేశాడని నా అనుమానం.

చివరి ఏడాది ప్రతి జట్టూ ఏదో ఒక సంస్థకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇవ్వాలి. మా నలుగురికీ దక్కింది చక్రాల కుర్చీలు, వాకర్లు, చంకకర్రలు అవసరమైనవాళ్ళకు కొన్నాళ్ళు వాడుకోవడానికి ఇచ్చే ఒక చిన్న సంస్థ. ఏ కుర్చీ ఎవరింట్లో ఉందో స్టోరు చూసే పెద్దాయనకే తెలుసు. ఇకమీదట అది కంప్యూటర్‌కు కూడా తెలియాలని మేనేజరు కోరిక. మొదటి రోజే మేనేజరు ఆ పెద్దాయన ముందే, నవ్వుతూనే చెప్పేశాడు: ఇది వాడగలిగితే కౌంటర్లో ఉంటాడు, లేకపోతే ఇంటికి పంపక తప్పదు. పెద్దాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకేం నచ్చలేదు.

వస్తువు ఇచ్చాక "ఇచ్చాం" అనే బటన్ నొక్కాలి. ఆ భాగం నింపాదిది. నొక్కితే తెర మీద "కాస్త ఆగండి" అని వచ్చి, అది నిజంగానే ఆగేది. ఆవులించి, ఒళ్ళు విరుచుకుని, అప్పుడు లెక్కలో రాసుకునేది. పడీపడీ నవ్వాం. నీ స్వభావాన్ని దాని నెత్తిన కూడా రుద్దావా అని అడిగాను. జవాబు మీకు తెలిసిందే.

నాకు ఓపిక నశించి, ఒకరోజు అడక్కుండానే ఆ ఆగడం కాస్తా తీసిపారేశాను. స్టోరుకు వెళ్ళి చూపించాను కూడా. ఎవరో ముసలావిడ వాకర్ కోసం వచ్చింది. పెద్దాయన బటన్ నొక్కాడు. మూడు వాకర్లు ఇచ్చినట్టు పడింది. ఆయన కుడిచెయ్యి మౌస్ మీద వణుకుతోంది. చటుక్కున ఎడమచేత్తో దాన్ని అదిమిపట్టి, అటూ ఇటూ చూశాడు.

నింపాది మెల్లగా లేచి వచ్చాడు. "కంప్యూటర్‌కి దూకుడెక్కువైంది బాబాయ్. సర్దేస్తాను" అన్నాడు.

బస్సులో నిలదీశాను. మొదటి నొక్కు ఒక్కటే తీసుకుని, ఆ తర్వాత కాసేపు ఎన్నిసార్లు తగిలినా పట్టించుకోకుండా ఉండటానికే ఆ ఆగడమట. ఆయన చేతి వణుకు ఎప్పుడు గమనించావంటే, మొదటి రోజు ఆయన సంతకం పెడుతున్నప్పుడట.

"మాకు చెప్పొచ్చుగా?" అన్నాను.

ఒక స్టాపు దాటింది.

"ఆయన చెప్పలేదుగా" అన్నాడు.

మా పని చూపించాల్సిన రోజు ప్రొఫెసర్‌గారు స్టోరుకే వచ్చారు. పెద్దాయన నొక్కాడు. ఆగింది. ఒక్క వాకరే పడింది. ఎందుకింత ఆలస్యం అని అడిగారు ప్రొఫెసర్. మేనేజరు కూడా మెడ సాచాడు. పెద్దాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కారణం చెబితే నింపాదికి భుజం తట్టి మరీ మార్కులు వేసేవారు.

నింపాది ఆలోచించాడు. ప్రొఫెసర్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"నేను రాసింది కదా సార్. నాలాగే వచ్చింది."

మేనేజరు పకపకా నవ్వాడు. ప్రొఫెసర్ నవ్వలేదు. "ఒక్క లైనే కదా. ఇప్పుడే తీసెయ్. లేకపోతే వేగానికున్న మార్కులు పోతాయి."

నింపాది కీబోర్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. వాడి నోరు ఎప్పటికి తెరుచుకుంటుందో నాకు తెలుసు.

"తీయొద్దు సార్. మేమందరం అనుకునే పెట్టాం. నొక్కగానే అయిపోతే నాక్కూడా కంగారుగా ఉంటుంది" అన్నాను.

"నీకా?" అన్నారు ప్రొఫెసర్.

జట్టులో మిగతా ఇద్దరిలో ఒకడు నా కాలు గట్టిగా తొక్కాడు. ప్రొఫెసర్ ఏదో రాసుకున్నారు. మేనేజరు మాత్రం, "పోనీలెండి సార్, మా పెద్దాయనకి చేతికొచ్చేసింది. కౌంటర్ ఆయనదే. మాకూ ఏమంత తొందర లేదు" అన్నాడు.

వెళ్ళేటప్పుడు పెద్దాయన నింపాది చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నారు. బస్సు వెళ్ళిపోతున్నా ఆ ఇద్దర్నీ కదిలించబుద్ధి కాలేదు.

ఫలితాల కాగితంలో వేగానికి మా నలుగురికీ సున్నా. కింద "జట్టు మొత్తానికీ నిదానం ఎక్కువ" అని ప్రొఫెసర్‌గారి రాత. భయపడుతూనే అమ్మ చేతికిచ్చాను. చదివింది. కళ్ళజోడు తెచ్చుకుని ఇంకోసారి చదివింది.

"నిదానమా? నీకా?" అంది. "ఇన్నేళ్ళూ మొత్తుకున్నాను, ఒక్కనాడైనా విన్నావా? ఏ మహానుభావుడు నేర్పాడే నీకు?"

ఆ సున్నాకి ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించింది మా అమ్మ.