తోకచుక్క ఏట పుట్టిన మా అత్త

వీధిలో పడుగు నూలు పరిచి ఉన్న ఏ పొద్దునా మా మేనత్తను ఇంటి గడప దాటనివ్వలేదు. ఒక రోజు కాదు, ఒక ఏడు కాదు, బతికినన్నాళ్లూ దాటనివ్వలేదు. ఆమె చేసిన నేరం 1910లో, తోకచుక్క కనబడ్డ వారంలో పుట్టడం. ఇది అన్యాయమని నేను పడుచువాణ్నై ఉన్నప్పుడూ అన్నాను, ఎనభై దాటి చేతికర్ర పట్టిన ఇప్పుడూ అంటున్నాను.

ఇన్నాళ్లకు మళ్లీ ఇదంతా ఎందుకు తవ్వుకుంటున్నానంటే, మొన్న నా మనుమరాలు ఏదో ఉద్యోగ పరీక్షకని ఫోనులో చూస్తూ, ఏయే సంవత్సరంలో లోకంలో ఏమేమి జరిగిందో పైకి చదువుకుంటూ నా మంచం పక్కనే కూర్చుంది. 1910 అనగానే నేను లేచి కూర్చున్నాను. ఇంగ్లండు రాజు చనిపోయాడు, పోర్చుగల్ రాజు గద్దె వదిలి పారిపోయాడు, జపాను కొరియాను కలిపేసుకుంది, ఆకాశంలో తోకచుక్క కనిపించింది అని చదివి, అయిపోయిందన్నట్టు పిల్ల వేలితో తెరను పైకి తోసేసింది. అయిపోలేదమ్మా అన్నాను. పరీక్షలో అంతకంటే అడగరు తాతా అంది. నిజమే, అడగరు. అందుకే నేను రాస్తున్నాను.

మాది మానేరు ఒడ్డున సాలెవాడ. నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు గానీ, మగ్గం మీదికి ఎక్కించే ముందు, బట్టలో నిలువుగా పోయే పడుగు నూలును వీధి పొడుగునా కర్రల మీద పరిచి, కుంచెలతో గంజి పట్టించేవాళ్లు. ఎండ ముదిరితే గంజి బిరుసెక్కి పోగులు తెగుతాయి కాబట్టి ఆ పని ఇంకా తెల్లవారకుండానే మొదలయ్యేది. ఒక ఇంటి పడుగుకు వాడంతా సాయం వచ్చేది. ఆ చీకట్లో కుంచెలు పోగుల మీద చేసే సరసర చప్పుడు, ఉడికిన గంజి వాసన, మధ్యలో ఎవరో ఒకరి మీద ఒకరు విసురుకునే పరాచికాలు... ఇప్పుడు తలచుకుంటే అదేదో ఇంకొక జన్మలాగా ఉంటుంది.

అలాంటి ఒక వైశాఖపు పొద్దున, తూర్పున తోకచుక్క నిలబడి ఉండగా, వాడలో మా తాత పడుగు పరిచి ఉందట. నిండు చూలాలైన మా నానమ్మ ఇంట్లోంచి బయటికి వచ్చిందట, చుక్క కంటబడగానే పడుగు పక్కనే కుప్పకూలిందట. అందరూ కుంచెలు వదిలి ఆమెను ఇంట్లోకి మోశారు. ఆ పగలే ఆడపిల్ల పుట్టింది, సాయంత్రానికి తల్లి పోయింది. వీధిలో పట్టించుకునేవాడు లేక సగం గంజి పట్టిన పడుగు ఎండకు ఎండి, పోగులన్నీ పటపట తెగి, షావుకారు ఇచ్చిన నూలు నూలంతా గంగపాలైంది. వాడవాళ్లు చెప్పుకునే కథ ఇదే. నేను పుట్టేనాటికే దీనికి తిరుగులేదు. పసిగుడ్డు పేరు మీద ఇంత నింద రాసిపెట్టారు. మరుసటి ఏడు హైదరాబాదులో నిజాం నవాబు పోతే దాన్ని కూడా తెచ్చి ఆ పిల్ల నెత్తినే పెట్టారు. పంచాంగం ఆమె పుట్టిన ఏడాదికి పెట్టిన పేరేమో సాధారణ నామ సంవత్సరం!

అప్పుడు మా పెద్దబాపుకు, అంటే మా నాన్న అన్నకు, ఎనిమిదేళ్లు, మా బాపుకు నాలుగేళ్లు. తరవాత మా బాపు, నన్ను కన్న అవ్వ షోలాపూరు మిల్లులకు పోయి ఏడాదికొకసారి ముఖం చూపిస్తుండేవారు కాబట్టి నన్ను పెంచింది అత్తే. ఆమెకు పెళ్లి కాలేదు. సంబంధాలు వచ్చేవట, ఊళ్లో దిగి మంచినీళ్లు తాగేలోపల ఎవరో ఒకరు తోకచుక్క సంగతి చెవిన వేసేవారట, వచ్చినవాళ్లు వచ్చిన బండి మీదే తిరిగిపోయేవారట.

నాకు అన్నిటికంటే కడుపు మండిన విషయం ఒకటుంది. ఆమె పగలల్లా రాట్నం ముందు కూర్చుని నూలును కండెలకు చుట్టేది. మా ఇంటికే కాదు, అడిగిన ప్రతి ఇంటికీ చుట్టేది. వాడలో నేసిన ప్రతి చీరలోనూ అడ్డంగా పోయే పేక నూలు ఆమె చేతి మీదుగా వచ్చిందే. పేక ఆమె చేతిది కావచ్చునట, పడుగు మీద మాత్రం ఆమె నీడ పడకూడదట! ఒకే బట్టలో సగం పోగులకు పనికొచ్చిన చెయ్యి మిగతా సగానికి ఎలా మైలైందో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

పోలీసు చర్య నాటికి నాకు పదేళ్లు. అప్పటిదాకా బడిలో నేర్చింది నాలుగు ఉర్దూ అక్షరాలు, ఆ తరవాత బడీ లేదు, పంతులూ లేడు, మగ్గం గుంటలో కాళ్లు పెట్టాను. తెలుగు నాకు నేనే, దుకాణాల బోర్డులు చూసి, పొట్లాలు కట్టిన పాత పత్రికలు చూసి కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. మా వాడ మొదట్లో నూలుకు రంగులు అమ్మే చాచా ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర అట్ట చినిగిన పాత ఉర్దూ పుస్తకం ఒకటుంది, అందులో ఏ ఏడుకు ఆ ఏడు లోకంలో జరిగిన సంగతులు రాసి ఉన్నాయి. రంగు కొనడానికి పోయినప్పుడల్లా చాచాతో చదివించుకుని, తెలియనివి అడిగి, ఇంటికి వచ్చి అత్త రాట్నం పక్కన కూర్చుని అవన్నీ చెప్పేవాణ్ని. ఆమె మీద పడిన నింద ఆ పుస్తకంతో కొట్టుకుపోతుందని నా ఆశ. ఆమెకేమో అదొక వినోదం.

లండనులో రాజు చచ్చిపోయాడంటే, “ఓయమ్మో, గా రాజు సచ్చింది గూడ నా మీదికేనా? ఆయన పెండ్లాం వచ్చి నన్ను కొట్టదు గదా?” అనేది. పారిస్ పట్నం వరదలో మునిగిందని, అయితే అది జనవరిలోనని, ఆమె పుట్టింది వైశాఖంలోనని నేను వేళ్ల మీద లెక్క చెబితే రాట్నం ఆపి, “హమ్మయ్య, గదొక్కటి నా మీద లేదన్నట్టు. జర పోయి మీ పెద్దబాపుకు చెప్పు, సంతోషపడ్తడు” అని నవ్వేది. పోర్చుగల్ రాజు పడవెక్కి పారిపోయాడంటే మాత్రం తెగిన దారం ముడివేస్తూ, “పారిపోయిండా? ఉరుకనీకి ఆయనకు పడవన్నా ఉండె” అంది.

చాచాతో ఒకసారి అత్త సంగతి చెబితే ఆయన రంగు చేతులు తుడుచుకుంటూ, “అరె బేటా, వో తారా తో సారీ దునియా కా థా, ఏక్ బచ్చీ కే సర్ పే కైకూ డాల్తే?” అన్నాడు. ఆ చుక్క లోకం మొత్తానిది, ఒక్క పిల్ల నెత్తిన ఎందుకు వేస్తారని. అదే మాట నేను వాడలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాను. ఆ ఏడు పుట్టినవాళ్లు లోకమంతా ఉన్నారు, వాళ్లలో ఎందరో పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కన్నారని చెప్పాను. విన్నారు, తలలూపారు, మర్నాడు పడుగు పరిచే ముందు మా గుమ్మం వైపు చూసి తలుపు వేసి ఉందో లేదో చూసుకున్నారు.

పెద్దబాపు వాడకు పెద్దమనిషి. ఆయన ఒక్క మాట అంటే వాడ వినేది. ఆయనేమో ఈ మాట ఎత్తితే చాలు, లేచి వెళ్లిపోయేవాడు. చెల్లెలికి తినడానికీ కట్టడానికీ ఏనాడూ తక్కువ చేయలేదు, పండుగకు అందరికంటే ముందు ఆమె చీరే నేయించేవాడు. చెల్లెలి తప్పేమీ లేదన్న ఒక్క మాట మాత్రం ఆయన నోట వచ్చేది కాదు. నేనాయన్ను రాయి అనుకున్నాను.

అరవై ఐదులో దీపావళి వెళ్లిన వారంలో నా పెళ్లాం ఆడపిల్లను కన్నది. అదే వారంలో, మీలో కొందరైనా చూసే ఉంటారు, తెల్లవారుజామున తూర్పున మళ్లీ ఒక తోకచుక్క లేచింది. వేరేదే. పాతది ఇంకా ఇరవై ఏళ్లకు గానీ రాదని నాకు తెలుసు, వాడకేం తెలుసు? అంతకు ముందు నెలలోనే పాకిస్తానుతో యుద్ధం జరిగి ఉంది. జనం మనసుల్లో భయం ఆరలేదు. ఆ పొద్దున మా పెద్దబాపు పడుగే పరిచి ఉంది, పది కుంచెలు ఆడుతున్నాయి, నేను ఒక కొసన ఉన్నాను.

“మల్ల వచ్చిందిరా పాడు సుక్క” అన్నాడొకడు. “ఇంట్ల ఆడివిల్ల పుట్టె, ఆకాశంల తోక మొలిచె.”

“ఒక్కింటికి రెండు సుక్కలు. నసీబే నసీబు” అన్నాడు ఇంకొకడు, నవ్వుతూనే.

నా చేతిలో కుంచె కిందపడేశాను. పొత్తిళ్లలో ఉన్న నా బిడ్డ రాట్నం ముందు ముసలిదై కూర్చున్నట్టు కళ్లకు కట్టింది. పెద్దబాపు ఎదుటికి పోయి, “పెద్దబాపూ, గీ నలుగురి ముందట ఒక్క మాట చెప్పు. మీ అవ్వ సచ్చినందుకు, పడుగు తెగినందుకు మా అత్తకు ఏం సంబంధం లేదని చెప్పు. నువ్వు చెప్పకుంటె రేపు నా బిడ్డకు గూడ గిదే గతి” అన్నాను.

పెద్దబాపు ముందు నాకేసి కాదు, వాళ్లకేసి చూశాడు. “నా మనుమరాలి మీద ఎవడన్నా నోరు జారిండంటె గీ గంజి కుంచెతోనే మూతి మీద కొడ్త. అయినంక వాడింటి పడుగుకు ఈ వాడల మనిషి రాడు” అన్నాడు. కుంచెలు మళ్లీ పడుగు మీద ఆడాయి. నా బిడ్డ గండం ఆ ఒక్క మాటతో గడిచింది. తరవాత ఎవరూ దాన్ని చుక్క అనలేదు.

“మరి అత్త?” అన్నాను.

ఆయన వంగి నా కుంచె తీసి నా చేతిలో పెట్టాడు. “గంజి ఆరిపోతాంది, పని సూడు” అన్నాడు.

నేను గుమ్మం వైపు తిరిగాను. తలుపు సందులో అత్త నిలబడి ఉంది, అన్నీ విన్నది. “బయటికి రా అత్తా, ఎవడేమంటడో నేను సూస్త” అని అరిచాను. ఆమె నన్ను కాదు, పెద్దబాపును చూసింది, చాలాసేపు చూసింది. తరవాత, “నాకు కండెలున్నయి కొడుకా” అని తలుపు దగ్గరికి వేసుకుంది. అంత కోపం ఆమె మీద నాకు ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు ఆ వాడలో పడుగు పరిచే వీధి లేదు. గంజి పట్టిన నూలు చుట్టలు లారీల్లో వస్తాయి, మరమగ్గాల చప్పుడులో పక్కవాడి మాట వినబడదు, ఒకరి పనికి ఇంకొకరు చీకట్లో లేచి రావలసిన అవసరమే లేదు. ఆ రావడంతో పాటు ఆ నిందలూ పోయాయి, అందుకు నేను ఏడవను. కానీ నిందవేసినవాళ్లే మర్నాడు మన పడుగుకు కుంచె పట్టేవాళ్లు, ఆ చేతులు కూడా పోయాయి. ఎనభై ఆరులో పాత తోకచుక్క మళ్లీ వచ్చింది. నా బిడ్డను లేపి మిద్దె మీదికి తీసుకుపోయాను. వెతగ్గా వెతగ్గా ఆకాశంలో ఎవరో పిండి చెయ్యి దులిపినట్టు ఒక చిన్న మసక కనిపించింది. ఇంతేనా బాపూ అంది నా బిడ్డ. ఇంతే బిడ్డా అన్నాను. దీనికోసమా ఒక మనిషి జన్మంతా తలుపు వెనక నిలబడిందని అనిపించింది.

కానీ అది తోకచుక్క కోసం కాదని అప్పటికే నాకు తెలుసు. అత్త అరవై ఎనిమిదిలో పోయింది. మానేరు ఇసుకలో ఆమెను కాల్చి వచ్చాక పెద్దబాపు స్నానం చేయలేదు, అన్నం ముట్టలేదు, ఆమె రాట్నం ముందు నేల మీద కూర్చున్నాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పుడన్నా ఆ మాట చెప్పు, వినడానికి ఆమె ఎట్లాగూ లేదు, నాకన్నా చెప్పు అని నిలదీశాను. ఆయన రాట్నం చక్రం మీద చెయ్యి ఆనించి, తల ఎత్తకుండా జవాబిచ్చాడు:

“మా అవ్వను బయటికి తీస్కచ్చింది నేనేరా. పండుకున్నదాన్ని లేపి, తోకసుక్కను సూద్దువు రాయే అవ్వా అని కొంగు వట్టి గుంజుకొచ్చిన. పడుగు కింద గంజి ఒలికి ఉండె, కాలు జారి పడ్డది. అందరి కండ్లు ఆకాశం మీదనే ఉండె, సూసింది నేనొక్కన్నే. మీ అత్తకు సంబంధాలు తప్పిపోవట్టినంక ఇగ ఓర్వలేక ఆమెకు చెప్పిన, రేపు పడుగు కాడ నలుగుర్ల గూడ చెప్తనన్న. ఆమె ఏమన్నదో ఎరుకేనా? ‘అన్నా, నేను అవ్వ మొకమే ఎరుగను, నువ్వెరుగుదువు. నువ్వు మొయ్యలేవు, నా మీదనే ఉండనియ్యి’ అన్నది.”