ఆయ్ అనిపించని ప్రశ్న

కోపం వస్తే ప్రసన్నకుమారి గారు గిన్నెలు తోమేవారు. తోమినవే మళ్ళీ తోమేవారు. ఆ సాయంత్రం ఇత్తడి బిందెకి చింతపండు పులిమి రుద్దుతుంటే, భర్త శ్యామ్ బాబు గారు గుమ్మంలోంచి తొంగిచూశారు.

"ఎవరిమీద ప్రసన్నా ఈ ప్రతాపం? బిందె సొట్టపడిపోద్ది."

"ఎవరిమీదా లేదు."

"యామిని మీదేనా?"

బిందె ఠంగుమంది.

మామిడికుదురు మండలంలో చెవుడు, చూపుతక్కువ, నడవలేకపోవడం ఉన్న పిల్లల్ని వెతికి, లెక్క రాసి, బడిలో కూచోబెట్టే రిసోర్సు టీచర్లు ఇద్దరు. మొదట వచ్చింది ప్రసన్నకుమారి గారు. తాటిపట్టెల మీదుగా కాలవలు దాటి, బస్సెళ్ళని ఊళ్ళన్నీ తిరిగిన మనిషి. యామిని కిందటేడు వచ్చింది. రాజోలు పిల్ల. కంప్యూటరు వచ్చు, నవ్వడం వచ్చు. పిల్లలు ఈవిడకి నమస్కారం పెట్టి, యామిని చేతులు పట్టుకుని వేలాడేవారు.

ఈ పిల్లల లెక్క మీరెలా సేకరిస్తున్నారో మొదటినుంచీ వరసగా రాసి పంపమని హైదరాబాదునుంచి కాగితం వచ్చింది. బాగున్నదాన్ని పుస్తకంగా వేసి, రాసినవారి పేరుతో అన్ని జిల్లాలకీ పంచుతారట. ఆ పుస్తకం మీద తన పేరు ఎక్కడుంటుందో, ఏ రంగులో ఉంటుందో కూడా ప్రసన్నకుమారి గారు ఊహించేసుకున్నారు. విద్యాధికారి గారు ఆ పని యామినికి ఇచ్చేరు.

"టైపింగు వచ్చు కదండీ అమ్మాయికి. మీరు కాస్త చెబుతూ ఉండండి," అన్నారు ఈవిడతో.

"ఆయ్," అన్నారు ప్రసన్నకుమారి గారు. ఇంకేమంటారు?

మర్నాడే యామిని ఇంటికొచ్చింది. ఈవిడ కాఫీ ఇచ్చేరు. అంగన్వాడీలో ఏ రిజిస్టరు చూడాలో, బడి మానేసిన పిల్లల గురించి ఎవరినడగాలో, నడక ఎలా పరీక్షించాలో అన్నీ చెప్పేరు. ఒక్కటి చెప్పలేదు.

ఆ ఒక్కటీ ఆవిడ దెబ్బతిని నేర్చుకున్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో గడపగడపకీ వెళ్ళి, "మీ బాబుకి కళ్ళు బాగా కనపడతాయాండీ? బాగా వింటాడాండీ?" అని అడిగేవారు. ప్రతి ఇంట్లోనూ "ఆయ్" అని తలూపేవారు. ఊరంతా ఆరోగ్యమే అని సంబరపడి లెక్క పంపేశారు. ఆ ఆదివారం చర్చి ప్రార్థనలో, ఆయ్ అన్నవాళ్ళలో ఒకరైన మార్తమ్మే లేచి నిలబడి, మా అబ్బాయి కళ్ళకోసం ప్రార్థన చెయ్యండని ఏడ్చింది. ఇంటికొచ్చిన టీచరమ్మ అడిగినదానికి కాదనడం ఈ సీమలో మర్యాద కాదు. అప్పటినుంచీ ఆవిడ ఆయ్ అనడానికి వీల్లేని ప్రశ్నలే వేసేవారు. అన్నానికి ఎలా పిలుస్తారు? దీపం ఆరిపోతే పిల్లాడేం చేస్తాడు?

"ఇంకేమన్నా ఉందా అక్కా?" అంది యామిని, కాఫీ గ్లాసు కడిగిపెడుతూ.

"అంతేనమ్మా."

యామిని రాసిన పద్ధతి ప్రకారమే వలంటీర్లు ఊళ్ళు తిరిగేరు. నగరం అనే ఊళ్ళో చెవుడున్న పిల్లలు ఒక్కరూ లేరని తేలింది. ప్రసన్నకుమారి గారు జాబితా చూసి, మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఆ రోజు గిన్నెలు తోమలేదు. హాయిగా నిద్రపోయారు.

వారం తిరక్కుండా, పనిమీద నగరం వెళ్ళినప్పుడు, కొబ్బరికాయల రాశి పక్కన ఒక ఆడపిల్ల వలిచేసిన పీచు డొక్కలతో ఆడుకుంటూ కనిపించింది. వెనకనించి లారీ హారన్ మీద హారన్ కొడుతోంది. పిల్ల కదల్లేదు. కాయల వలుపు దగ్గరున్న తల్లి పరుగెత్తుకొచ్చి రెక్కపట్టి లాగింది. తల్లి పేరు చిన్నమ్మలు, భర్త దోహాలో ఉంటాడు. పిల్ల గాయత్రి.

"పిల్లని అన్నానికి ఎలా పిలుస్తావమ్మా?"

"పిలవనండీ. కంచం దాని కళ్ళముందు పెడతానండీ."

"మరి సర్వేకి వచ్చినావిడకి చెప్పలేదా?"

"బాగా వింటదా అనడిగేరండీ. ఆయ్ అన్నానండీ. చెమటలు కక్కుకుంటా వచ్చి అంత ప్రేమగా అడిగితే లేదని ఎలాగంటామండీ?"

తిరుగు బస్సులో ప్రసన్నకుమారి గారి గుండె పొంగింది. విద్యాధికారి గారి ముందు ఎలా నిలబడాలో, ఏ మాట మెల్లిగా అనాలో, ఎక్కడ ఆగాలో అంతా కూర్చుకున్నారు. తీరా వెళితే ఆయన కాకినాడ మీటింగులో ఉన్నారు. చెవి మిషన్లిచ్చే క్యాంపు ఎల్లుండే, అమలాపురంలో. జాబితాలో లేని పిల్లకి మిషను ఇవ్వరు. పేరు కలపాలంటే జాబితా వేసిన మనిషే సంతకం పెట్టాలి.

ఆగితే యామిని తప్పు అందరిముందూ తేలుతుంది. ఆగితే పిల్లకి ఇంకో ఏడాది ఆ లారీలు వినపడవు.

ఆవిడ ఆఫీసు మెట్లమీద చాలాసేపు కూచున్నారు. తర్వాత తిట్టుకుంటూనే రాజోలు ఆటో ఎక్కేరు.

"ఏం రాసేవే నువ్వు? ఆయ్ అనిపించే ప్రశ్న అడిగితే ఆయ్ అనక ఏమంటారు?" అని గుమ్మంలోనే మొదలుపెట్టి, గాయత్రి సంగతి, తను దాచిందీ అంతా కోపంతోనే చెప్పేశారు.

యామిని సంతకం పెట్టింది. పెన్ను మూత పెడుతూ, "ఇది ఆ రోజు చెప్పలేదే అక్కా?" అంది.

"నువ్వడగలేదు."

"అడిగేనక్కా."

ప్రసన్నకుమారి గారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. యామిని లోపలికెళ్ళింది. మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆ మంచితనమే ఇంకా మండించిందని తర్వాత భర్తతో అన్నారు.

గాయత్రికి మిషను వచ్చింది. యామిని కొత్త ప్రశ్నలతో ఊళ్ళన్నీ మళ్ళీ తిరిగింది, పద్ధతి తిరగరాసింది. పుస్తకం వచ్చింది. నీలం అట్ట. రాసినవారు యామిని. లోపల చివర్న సహకరించినవారి వరసలో ఈవిడ పేరు, స్టేషనరీ ఇచ్చినాయన పేరు పక్కన.

అమలాపురం ట్రైనింగులో యామిని ఆయ్ అనిపించని ప్రశ్నల పేజీ చదువుతుంటే హాలంతా చప్పట్లు కొట్టింది. వెనక వరసలో ప్రసన్నకుమారి గారి పక్కన కూచున్న కొత్తపేట టీచరు రత్నమాల ఈవిడవైపు వంగింది.

"ఎంత తెలివండీ ఆ అమ్మాయికి! ఎంత బాగా కనిపెట్టిందండీ!"

"ఆయ్," అన్నారు ప్రసన్నకుమారి గారు.