ఆమడగూరు నాలుక

వరద ముంచనిదాన్ని, పిడుగు కూల్చనిదాన్ని ఒక్క నాలుకతో పాడు చేసినదాన్ని నేను. చెప్తా వినండి. నవ్వు వస్తే నవ్వండి.

పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారిలో మా ఊరు. నేను కాపురానికొచ్చిన ఏడాదే చెరువు కట్ట తెగి, పల్లంలో ఉన్న కూలివాళ్ల గుడిసెలు పన్నెండూ, వాటితోపాటు బడి కొట్టమూ కొట్టుకుపోయాయి. మళ్లీ వానలొచ్చేలోగా ఊరంతా ఒళ్లు వంచి మిట్ట మీద రాతి బడి కట్టాలనీ, ఇళ్లు లేచేదాకా ఆ కూలివాళ్లు అందులోనే తల దాచుకోవాలనీ పెద్దలు తీర్మానించారు. కూలి లేదు, అంతా శ్రమదానం. మా ఆయన రాళ్లు తోలాడు, నేను తట్టలు మోశాను. అంతటితో ఆగి ఉంటే నా బతుకు బాగుండేది.

గోడలు లేచాయి. దూలాల మీద బండలు పరిచారు. ఆ పైన చౌడు మన్ను పోయాలి. మా వైపు మిద్దెలకు అదే గొడుగు. మంచి చౌడైతే చుక్క నీరు కిందికి దిగదు. అది దొరికే గుంట మూడు మైళ్ల అవతల ఉంది. మేస్త్రీ హనుమంతప్ప బండ్లు కట్టమన్నాడు.

"అంత దూరం ఎందుకు మామా? మన్ను నాలుక మీద ఏసుకుంటే ఈడనే చౌడు యాడుండేదీ తెలిసిపోతాది" అన్నాను.

"నీకు తెలుసునామ్మా?"

"మాది ఆమడగూరు. మా అవ్వ మన్ను నాకి చెప్పేది."

నిజమే, మా అవ్వ నాకేది. ఏ రుచి కోసం నాకేదో నేనెప్పుడూ అడగలేదు. ఈ సంగతి మేస్త్రీకి చెప్పలేదు, మీకు చెప్తున్నా.

కొంగు దోపుకొని బయలుదేరాను. వెనక సగం ఊరు, పెండ్లి ఊరేగింపులాగా. ఊరి బయట పాత దొడ్డి దగ్గర నేల తెల్లగా పూసి ఉంది. చిటికెడు నోట్లో వేసుకున్నాను. ఉప్పగా ఉంది. నాడి చూసే వైద్యుడిలాగా కళ్లు మూసి ఇంకో చిటికెడు వేసుకున్నాను. మూడోది చప్పరించాను.

"ఇదే. మా ఊర్లో గూడా ఇంత మంచిది దొరకదు."

మా ఆయన చెవి దగ్గరికొచ్చాడు. "ఏమే, నిజంగా తెలుసునా?"

"నువ్వు తట్ట ఎత్తు."

మూడు మైళ్లు తప్పాయన్న సంబరంలో మేస్త్రీ కూడా సరేనన్నాడు. మూడు రోజుల్లో కప్పు నిండింది. గుడిసె పోయినవాళ్లలో సుంకమ్మ అని ఒక బాలింత ఉండేది. నా చేతులు పట్టుకొని, "నీ పుణ్యాన ఈ వానకు నా బిడ్డ తడవదు తల్లీ" అంది. నేను పెద్ద మనిషిలాగా తల ఊపాను. ఆ తల మీద అప్పుడే ఒక బండ పడి ఉండాల్సింది.

మొదటి వాన పడిన వారానికి బడి కప్పు పచ్చబడింది. సజ్జ మొలిచింది, గరిక మొలిచింది. మా చేలో రానంత పైరు బడి మీద వచ్చింది. వెనక గుట్ట మీద నుంచి మేకలు కప్పు మీదికి దూకి మేయసాగాయి. వాటిని వెతుక్కుంటూ కాపరి నాగన్న వచ్చాడు.

"ఎవరబ్బా ఈడ ఈ మన్ను పోసింది?"

అందరూ నా వైపు చూశారు.

"చౌడే నాగన్నా. ఉప్పగా ఉండాది. నేను నోట్లో ఏసుకొని చూసినా."

నాగన్న నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "వదినా, ఆ దొడ్డిలో ముప్పై ఏండ్లు మా గొర్లు పండుకున్యాయి. ఉప్పగా ఉండక ఇంకెట్లుంటాది?"

"మూడుసార్లు చప్పరించింది" అన్నాడు మా ఆయన, ఎవరూ అడగకుండానే.

ఆ పూట ఊరు ఊరంతా నవ్వింది. రెండో వానకు ఎవరూ నవ్వలేదు. మేకలు తొక్కిన చోటల్లా బురద నీళ్లు కారాయి. పన్నెండు ఇళ్లవాళ్లూ గోడలకు అతుక్కొని నిలబడ్డారు. సుంకమ్మ బిడ్డ మీద చేట పట్టుకొని కూర్చుంది. తిట్టినా బాగుండేది. "పోనీలే తల్లీ, చెరువు నీళ్ల కంటే ఇవి తక్కువే" అంది. భూమి చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. ఆ భూమిని కూడా మంచిదని నేనే చెప్పి ఉంటానేమో.

మేస్త్రీ దగ్గరికి పరుగెత్తాను. "గుంట నీళ్లతో నిండిపోయినాది. ఎండు చౌడు ఊర్లో ఒక్క తావునే ఉండాది" అన్నాడు.

"యాడ మామా?"

"మీ కొట్టంలో. మీ మిద్దెకని మీ మామ తోలిపెట్టుకున్యాడు గదా."

మా మామ హిందూపురం సంతకు పోయి ఉన్నాడు. వాన తెరిపి ఇవ్వగానే తట్టలు ఎత్తించాను. పచ్చిక పీకి, గొర్ల మన్ను దించి, మా చౌడు పోసి దిమ్మిస కొట్టి గట్టిపరిచారు. ఆయన తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది.

"ఏం మిగిల్చినావు కోడలా?"

"కొట్టం ఉండాది మామా."

ఆ తర్వాతి వానకు బడిలో చుక్క పడలేదు. మా ఇంట్లో మాత్రం పొయ్యిలోకి కూడా నీళ్లొచ్చాయి. గిన్నెలు నెత్తిన పెట్టుకొని ఏడుగురమూ బడికే పోయాం. సుంకమ్మ బిడ్డను ఎత్తుకొని లేచింది. "జరగండబ్బా, పాపం వాళ్ల మిద్దె కారతాండాది" అంది. మా మామ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను బతికి ఉండేదాన్ని కాదు.

మా ఆయన దీన్ని చచ్చేదాకా వదల్లేదు. మంచం పట్టిన ఆఖరి రోజుల్లో గంజి కాచి, ఉప్పు చూసి, దగ్గరికి తీసుకుపోయాను.

"సరిపోయినాదా?" అని అడిగాడు.

"సరిపోయినాది. చూసినా."

"నువ్వు చూసినావా? అట్లయితే వద్దులే" అని గోడ వైపు తిరిగాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడనే అనుకున్నాను. ఆ గంజి తాగలేదు, మళ్లీ ఏదీ అడగలేదు.

అందుకే ఈ నాలుక మీద ఒట్టు. ఇక మన్ను గానీ గంజి గానీ రుచి చూసి బాగుందని ఎవరికీ చెప్పను. నా కూడు నేను ఉప్పు చూడకుండానే తింటున్నా. ఎట్లుందని అడిగేవాడు ఎట్లాగూ లేడు.