రూతుకు నేను చెప్పిన కంప్యూటర్

కొన్నేళ్ళుగా నా గుండె మీద ఒక కంప్యూటర్ కూర్చుని ఉంది. ల్యాప్‌టాప్ కాదు. ల్యాప్‌టాప్ అయితే ఎలాగో మోసేవాణ్ణి. డెస్క్‌టాప్. దాని డబ్బాకు ఒక పక్క అద్దం, అద్దం వెనక బతుకమ్మను పేర్చినట్టు రంగురంగుల లైట్లు. పడుకుంటే ఎక్కి కూర్చుంటుంది. పక్కకు తిరిగితే అదీ తిరుగుతుంది.

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్ళకు చెబితే నవ్వుతారు. నేనేం చెప్పినా నవ్వడం వాళ్ళకు అలవాటు చేసింది నేనే. ఉన్నదాన్ని పెంచి చెప్పడం నా జబ్బు. ఇంట్లో నన్ను కుట్టిన దోమ, నేను బజారుకు వెళ్ళేసరికి గద్ద అయిపోతుంది. ఇందులోనూ అక్కడక్కడా పెంచుతాను, ఓర్చుకోండి. ఒక్క చోట మాత్రం పెంచను. అది వచ్చినప్పుడు చెబుతాను.

సూర్యాపేటలో నాకు మిక్సింగ్ షాపు ఉంది. పెళ్ళి వీడియోలు కత్తిరించి, అతికించి, పాటలు కలిపి ఇచ్చే దుకాణం. మా పనిలో ఒక ఆచారం ఉంది. పెళ్ళివారు వచ్చి మా వెనకే కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ఒకరు పాట మార్చమంటారు. ఒకరు మేనత్తను ఇంకాసేపు ఉంచమంటారు. ఇంకొకరు మేనమామ అలిగిన ముక్క తీసేయమంటారు, తీసేస్తే ఆ మేనమామ మళ్ళీ అలుగుతాడు. వాళ్ళు తెచ్చుకున్న మిర్చి బజ్జీల నూనె నా కీబోర్డులో ఎంత చేరిందంటే, పిండితే మరో వాయి వేయొచ్చు.

రూతు నా దగ్గర పని చేసేది. అసలు పేరు కాదులెండి. నేరేడుచర్ల ఆమె. పని నేర్పింది నేనే, ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నది కూడా నేనే. అప్పగింతల దగ్గర నేను షెహనాయి దంచేవాణ్ణి. ఆమె అక్కడ పాట తీసేసేది. ఏడుపులు, ముక్కు చీదిన చప్పుడు, దూరంగా వంటవాళ్ళ గిన్నెల మోత, అంతే. అది చూసి వెనక కుర్చీల్లో వాళ్ళు మూసీ పొంగినట్టు ఏడ్చేవారు. మెల్లగా ఏమైందంటే, షాపుకు వచ్చినవాళ్ళు నన్ను దాటి లోపలికి తొంగి చూసి, "ఆ అక్క లేదా?" అని అడగడం మొదలైంది. నా షాపుకు నేనే వాచ్‌మన్‌నయ్యాను. ఆ మాట చెప్పి అందరినీ నవ్వించాను. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఒకరోజు ఆమె వచ్చి, కోదాడలో సొంతంగా షాపు పెట్టుకుంటానంది. "ఏ సిస్టమ్ కొనాల్నో మీరే చెప్పుండ్రి అన్నా. మీరు ఏదంటే అదే."

ఏది కొనాలో నాకు తెలియదా? తెలుసు. ఇదే ఆ చోటు. ఇక్కడ పెంచను.

వీడియో ఎడిటింగుకు కొనే కంప్యూటర్లో డబ్బంతా లోపలికే పోవాలి. వేగమైన ప్రాసెసర్, పుష్కలంగా ర్యామ్, పని చేస్తున్న వీడియో పెట్టుకోవడానికి మంచి ఎస్ఎస్‌డీ, బరువు మోసే గ్రాఫిక్స్ కార్డు. బయటి డబ్బా రేకుదైనా చాలు. నాది అలాంటిదే. పైన దుమ్ము, లోపల గుర్రం. ఆమెకు మాత్రం తిరగేసి చెప్పాను.

"చెల్లె, పెళ్ళోళ్ళు వెనక కూసుంటరు. లోపలి ర్యామ్ వాళ్ళకు కనపడ్తదా? కనపడేది డబ్బా. లైట్లు మెరవాలె, వంపు తిరిగిన పెద్ద స్క్రీన్ ఉండాలె. ర్యామ్‌దేముంది, ఎనిమిది జీబీ దండి. హార్డ్ డిస్క్ మామూల్దే సాలు."

అందులో సగం నిజం ఉంది. పెళ్ళివారు వెనక కూర్చుంటారన్నది నిజమే. అబద్ధాన్ని ఆ నిజం మీద ఎక్కించి పంపాను. అక్కడితో ఆగి ఉంటే, పొరపాటున అన్నానని చెప్పుకోవడానికి ఇవాళ నాకొక సందు మిగిలేది. ఆగలేదు. తర్వాత ర్యామ్ పెంచుకునే వీలులేని బోర్డు ఎంచాను. గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుందామన్నా కరెంటు చాలని పవర్ సప్లై ఎంచాను. వెదికి వెదికి ఎంచాను. నా కోసం మంచి సామాను కొనుక్కున్నప్పుడు కూడా అంత శ్రద్ధ పెట్టలేదు. పొరపాటు చేసేవాడు అంత వెదుకుతాడా?

కోదాడ షాపు ప్రారంభం రోజున పాస్టరు గారు ఆ డబ్బా మీద చెయ్యి పెట్టి, ఈ యంత్రం ద్వారా ఈ కుటుంబాన్ని దీవించు ప్రభువా అని ప్రార్థించారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేను. మా ఇంట్లో ఆ మాట ముందెన్నడూ ఎవరూ అని ఉండరు. నా ఆమెన్ మాత్రం బస్టాండు దాకా వినిపించి ఉంటుంది. గురువుగారని చెప్పి రూతు నాకు శాలువా కప్పింది. కప్పించుకున్నాను.

మూఢం పోగానే ముహూర్తాలన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. మా వైపు పదహారు రోజుల పండుగకు వీడియో చేతికి రావాలి. ఆ రోజు చుట్టాలంతా టీవీ ముందు చేరి ఎవరి ముఖం వాళ్ళు వెదుక్కుంటారు. ఒక పెళ్ళి వీడియో ఆమె మెషీన్లో ఇరుక్కుంది. లైట్లు మెరుస్తూనే ఉన్నాయట. పని మాత్రం సగంలో ఆగిపోయేదట. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఆగిపోయేదట. హార్డ్ డిస్కును తువ్వాలలో చుట్టి, చంటిపిల్లను దవాఖానకు తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని, బస్సులో సూర్యాపేట వచ్చింది.

"అన్నా, జర మీ సిస్టమ్ మీద చేసుకుంట. ఎల్లుండే పండుగ."

"మాది గూడ రిపేర్ల ఉన్నది చెల్లె."

నా వెనక తెర చాటున మెషీన్ ఫ్యాను హోరుమంటోంది. ఆమెకు వినపడలేదా? వినపడే ఉంటుంది. "సరే అన్నా" అని వెళ్ళిపోయింది.

పండుగకు వీడియో అందలేదు. పెళ్ళికొడుకు తరపువాళ్ళు షాపు ముందు నిలబడి బజారంతా వినేలా తిట్టారట. కోదాడ ఎంత ఊరు? మాట పాకింది. తర్వాతి పనుల్లోనూ ఆ మెషీన్ అలాగే సగంలో ఆగేదట. కొన్ని నెలలకు షాపు మూసేసింది. ఆ కబురు విన్న రోజు నేను టీ తెప్పించుకుని తాగాను. టీ బాగుంది. అది కూడా చెప్పాలి కదా.

మొన్న మా ఆవిడతో మిర్యాలగూడలో ఒక బట్టల షోరూముకు వెళ్ళాను. చీరల దగ్గర రూతు. నేను చీర కట్టిన బొమ్మ వెనక దాక్కోబోయాను. నా పొట్టను దాచేంత బొమ్మ ఇంకా తయారు కాలేదు.

"అన్నా! మీరేనా? మంచిగున్నరా?"

"ఉన్న చెల్లె. నువ్వేంది గీడ?"

"శాన రోజులైతంది అన్నా. ఆ పని నాకు అచ్చిరాలే. మీరు మంచి సిస్టమే చెప్పిన్రు. నాకే చాతకాలే."

మా ఆవిడ అందుకుంది. "చాతకాకపోవుడేంది చెల్లె? మా చెల్లె పెళ్ళి క్యాసెట్ నువ్వే చేస్తివి. అప్పగింతలు సూసి ఈయన గూడ ఏడ్సిండు. ఏడ్సి, కంట్ల నలక వడ్డదన్నడు."

రూతు నవ్వింది. "ఇగ మా తమ్ముడు మిక్సింగ్ షాపు పెడ్తనంటున్నడు అన్నా. ఏ సిస్టమ్ కొనాల్నో చెప్పుండ్రి."

ఈసారి సరిగ్గా చెప్పాను. ర్యామ్ ముప్ఫై రెండుకు తగ్గొద్దన్నాను. ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, గట్టి పవర్ సప్లై, రేపు పెంచుకోగలిగే బోర్డు, అన్నీ చెప్పాను. డబ్బా ఏదైనా నడుస్తదన్నాను. చీర మడత పెడుతున్న ఆమె చేతులు ఆగాయి.

"అప్పుడు నాకు డబ్బానే ముఖ్యమన్నరు గదన్నా."

అడిగేసింది. నెమ్మదిగా, మా ఆవిడకు వినపడీ వినపడనట్టుగా, నాకు ఒక దారి తెరిచి పట్టుకున్నట్టుగా అడిగింది. ఒక్క మాట చాలు. చీరల మధ్య నిలబడి ఒక్క మాట.

"అప్పటి రోజులు వేరు చెల్లె. ఇప్పుడు మారినయ్."

ఆమె ఆ చీర మడత పూర్తి చేసింది. "అంతేలే అన్నా" అంది. మా ఆవిడ వైపు తిరిగి, "వదినా, గిదే అంచుల ఇంకో రంగు సూపిస్త" అంది.

తెలిసిందా ఆమెకు? తెలిసీ వదిలేసిందా? లేక నిజంగా తనకే చేతకాలేదని ఇంకా నమ్ముతోందా? ఈ మూడోది నిజమేమోనని నాకు భయం. షాపు పోతే మరో ఊళ్ళో పెట్టుకోవచ్చు. పాట తీసేసి ఏడుపును ఏడుపులా వదిలేయగల చేతులవి. ఆ చేతులకు ఆ పని రాదని ఆమె చేతే అనిపించాను. అనిపించి, ఎదురుగా విని, రోజుల మీదికి నెట్టి, పట్టుచీర ప్యాకెట్టు పట్టుకుని ఇంటికి వచ్చాను.

మరి ఇదంతా ఆమెకు చెప్పకుండా మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్ను అన్నా అని పిలవరు కాబట్టి. క్షమించమని అడగను. క్షమించడం మీ చేతిలో లేదు, ఆమెను అడిగే ధైర్యం నాకింకా లేదు. ఆ రోజు చీరల దగ్గర అనాల్సిన మాట ఇక్కడ అంటున్నాను, ఒక్క అక్షరం పెంచకుండా.

రోజులేం మారలేదు చెల్లె. అప్పుడు కూడా నాకు ఇదంతా తెలుసు.

అనేశాను. గుండె మీది కంప్యూటర్ దిగలేదు. దాని లైట్లు మాత్రం ఆరినట్టున్నాయి.